ఆరు వేలకే అంతా

మంజుల ఏదీ మూడు చోట్ల అడగకుండా కొనదు. ఆత్మకూర్ బజారులో చీరల దుకాణంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. చెప్పే ధరకూ అసలు ధరకూ మధ్య ఎంత జాగా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. కొత్తిమీర కట్టకు కూడా అంగడంతా తిరిగి వస్తుందని ఆమె అన్న కురుమయ్య నవ్వేవాడు. ఆ అన్న చచ్చిపోయిన పొద్దున కూడా ఆమె చేసిన మొదటి పని రేట్లు అడగడమే. కూర్చుని ఏడ్చేందుకు ఎవరూ తీరిక ఇవ్వలేదు.

కురుమయ్య ఊరవతల తవుడు నూనె మిల్లులో రాత్రి డ్యూటీ చేసేవాడు. ఆ రోజు ఆషాఢపు ముసురు పట్టి ఉంది. పొద్దు కొంచెం ఎక్కాక మిల్లు బండి అతని శవాన్ని తెచ్చి, అతను కిరాయికి ఉంటున్న ఇంటి ముందు దించింది. బండి వెంట మిల్లు మేనేజర్ అరుణ్ వచ్చాడు. డ్యూటీ దిగి గేటు ముందు హోటల్లో చాయ్ తాగుతుంటే కురుమయ్య ఛాతీ పట్టుకుని కూలబడ్డాడనీ, దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందనీ చెప్పాడు. గుండెపోటు అన్నాడు. చాలా మంచి పనోడని కూడా అన్నాడు. ఆ మాట అన్నాక వెళ్ళిపోతాడేమో అనుకున్నారందరూ. అతను వెళ్ళలేదు. ఎదురింటి అరుగు పక్కన ఎవరో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకోసాగాడు.

ఇంటి ఓనరు పుష్పమ్మ శవాన్ని గేటు దాటనివ్వలేదు. శ్రావణంలో కొడుకు పెళ్ళి పెట్టుకున్నామనీ, ఇప్పుడు ఇంట్లో శవం పడితే ఇల్లు మూసేయాల్సి వస్తుందనీ చేతులు జోడించి మరీ చెప్పింది. ఆమెను తిట్టడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. గల్లీలోనే మంచం వేశారు. పైన ఎవరో టార్పాలిన్ కట్టారు. మంచం పక్కన కురుమయ్య భార్య కోమల, కూతురు అక్షిత కూర్చున్నారు. టార్పాలిన్ చివర నుంచి కారే చినుకులు అక్షిత వీపు మీద పడుతున్నా ఆ పిల్ల జరగలేదు.

వాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళను పూడ్చడమే ఆనవాయితీ. మంజుల తండ్రిని సొంత పొలంలోనే పూడ్చారు. ఆ పొలం, ఆ బొంద, ఆ ఊరు అన్నీ జూరాల ప్రాజెక్టు నీళ్ళ కిందికి పోయి పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు కురుమయ్యను పెట్టడానికి ఆత్మకూర్‌లో వాళ్ళకంటూ జానెడు జాగా లేదు. వైకుంఠధామంలో కాల్చడమే దారి అని మంజుల భర్త అశోక్‌కుమార్ అన్నాడు. అతను కిరాయి డీసీఎం వ్యాన్ నడుపుతాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. కోమల తల ఊపింది. ఆమె అప్పుడు ఏం అడిగినా తల ఊపేదే.

కరోనా తర్వాత ఆ చుట్టుపక్కల అంతిమయాత్ర బండ్లు చాలా వచ్చాయి. ఒక్క ఫోన్ చేస్తే పాడె నుంచి బూడిద దాకా వాళ్ళే చూసుకుంటారు. దుకాణంలో తనతో పనిచేసే సుస్మితను అడిగి మంజుల నంబర్లు సంపాదించింది. వనపర్తి ఆయన అన్నీ కలిపి ఇరవై రెండు వేలు అన్నాడు. గద్వాల ఆయన పదకొండు వేలు అన్నాడు గానీ కట్టెలు వేరు అన్నాడు, తడి రోజులు గనుక ఎండు కట్టెలకు మరో ఎనిమిది వేలు అవుతుందన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి రావాలంటే ముప్ఫై దాటుతోంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆమె గొంతు తన దుకాణం గొంతులాగే ఉంది. అంత కంటే తగ్గదా, పూలు మేమే తెచ్చుకుంటే ఎంత, డప్పు వద్దంటే ఎంత అని అడుగుతుంటే, తన మాటలు తనకే ఎవరివో అనిపించాయి.

ఇంకో చోటికి చేయబోతుంటే ఆమెకే ఫోన్ వచ్చింది. కొత్త నంబరు.

"అక్కా, కురుమయ్యన్న చెల్లెవేనా? నేను సునీల్‌ను మాట్లాడుతున్న. అంతిమయాత్ర బండి ఉంది నాకు. మీకెందుకక్కా తిప్పలు? ఆరు వేలు ఇయ్యండి. పాడె, పూలు, కట్టెలు, బండి, డప్పు, బొక్కలు బీచుపల్లిల కృష్ణల కలిపేదాక అంతా నేనే చూస్కుంట."

మంజులకు మొదట కలిగింది ఊరటే. కోమల డబ్బాలో ఎంత ఉందో ఆమెకు తెలుసు. ఆరు వేలంటే ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. కట్టెలే ఎనిమిది వేలని ఇప్పుడే విన్నది. అంత తక్కువకు ఎట్లా వస్తుంది తమ్మీ అని అడిగింది. సేవ అనుకో అక్కా, అన్నాడు సునీల్. తన నంబరు ఎవరిచ్చారని అడిగితే, ఊళ్ళో ఎవరిని అడిగినా ఇస్తారు అన్నాడు. తర్వాత గొంతు కొంచెం మార్చాడు.

"కాని మధ్యాహ్నం దాటనియ్యొద్దక్కా. కట్టెలు రెడీగ ఉన్నయి. చుట్టాలొస్తరు, చూస్తరు అని ఆపుకుంట కూసుంటే నాతోని కాదు."

మాట్లాడి చెప్తానని మంజుల పెట్టేసింది. భర్తతో చెబితే అతని ముఖం వెలిగింది. దేవుడే పంపిండు, ఇంకేం అడగకు, ఒప్పుకో అన్నాడు. వాళ్ళిద్దరూ టార్పాలిన్‌కు ఇవతల, చిన్న గొంతులతోనే మాట్లాడుకుంటున్నారు. ఎదుటి కుర్చీలోంచి అరుణ్ తల ఎత్తకుండానే అన్నాడు.

"సునీల్ మంచోడు. అతనికే చెప్పండి."

మంజుల సునీల్ పేరు పైకి అనలేదు. అశోక్‌కుమార్ కూడా అనలేదు. ఆమె భర్త వైపు చూసింది. అతను నేల వైపు చూస్తున్నాడు.

ఆమె నీళ్ళు తెస్తానని చెప్పి గల్లీ మలుపు తిరిగి, కిరాణా కొట్టు వెనక గోడ పక్కన నిలబడింది. సుస్మితకు ఫోన్ చేసి, సునీల్ నంబరు ఇచ్చి, ఆత్మకూర్‌లో నీ తాత పోయాడని చెప్పి రేటు అడగమంది. ఎందుకని సుస్మిత అడిగితే తర్వాత చెప్తానంది. నిజానికి ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియదు. ఒకే చీరకు ఇద్దరికి రెండు ధరలు చెప్పే దుకాణంవాడిని పట్టుకోవాలంటే వేరే మనిషిని పంపి అడిగించాలి. ఆ అలవాటే ఆమెతో ఆ పని చేయించింది.

సుస్మిత తిరిగి ఫోన్ చేసేసరికి వాన జోరందుకుంది.

"ఇరవై నాలుగు వేలు అన్నడక్కా. ఒక్క రూపాయి తగ్గదన్నడు. ఇయ్యాల్నే కావాలంటే కాదన్నడు, రేపు పొద్దుగాల అన్నడు. ఇయ్యాల ఆత్మకూర్‌ల రెండున్నయంట. ఒకటి అయిపోయిందంట, ఇంకోటి మధ్యాహ్నం లోపల కావాలంట."

మంజుల ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయింది. రెండోది ఎవరిదో చెప్పనక్కర్లేదు. మొదటిది ఎవరిది? ఆత్మకూర్ పెద్ద ఊరేం కాదు. ఊళ్ళో ఎవరు పోయినా బట్టల కోసం తమ దుకాణానికే వస్తారు, లేదంటే వాళ్ళ సంగతి చెప్పేవాళ్ళు వస్తారు. నిన్నటి నుంచి ఎవరూ పోలేదు. సుస్మితను అడిగితే ఆమె కూడా అదే చెప్పింది.

తిరిగి వచ్చి మంచం దగ్గర కూర్చున్నప్పుడు మంజుల అన్నను మొదటిసారి సరిగ్గా చూసింది. అప్పటిదాకా ముఖమే చూసింది. ఒంటి మీద తెల్ల చొక్కా ఉంది. చొక్కా మీద అడ్డంగా, నిలువుగా మడతలు. అప్పుడే అట్టపెట్టెలోంచి తీసి తొడిగిన కొత్త చొక్కా. రోజూ అలాంటివి విప్పి మడతపెట్టే చేతులకు ఆ గీతలు తెలియకుండా ఉండవు. జుట్టు తడిగా ఉంది. గల్లీలో దించేటప్పుడు పడింది సన్నటి తుంపరే, అంతగా తడిసేది కాదు.

ఆమె వదిన చెవి దగ్గరికి వంగి, రాత్రి అన్న ఏ అంగీ వేసుకుని పోయాడని అడిగింది.

"నీలం అంగి," అంది కోమల. "జేబు చినిగితే నేనే కుట్టిన." అన్నాక ఆమె చూపు తెల్ల చొక్కా మీద పడి అక్కడే ఆగిపోయింది. పొద్దున్నుంచీ దాన్ని చూస్తూనే ఉంది గానీ, అది తన భర్తది కాదన్న సంగతి అప్పుడే మనసుకు చేరింది.

మంజుల దండం పెడుతున్నట్టు అన్న చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. అగరొత్తుల వాసన, పౌడరు వాసన. వాటి కింద ఇంకో వాసన ఉంది, మురిగిన తవుడు నీళ్ళ వాసన. మిల్లు వెనక కాలువ పక్కగా పోయేటప్పుడు ముక్కు మూసుకునే వాసన అది. గోళ్ళ లోపల నల్లటి బురద గట్టిగా ఇరుక్కుని ఉంది. ఒళ్ళంతా కడిగినవాళ్ళు గోళ్ళు మరిచిపోయారు.

తల ఎత్తేసరికి అరుణ్ ఆమె చేతులనే చూస్తున్నాడు.

అంగీ ఏదని ఆమె మామూలుగా అడిగింది. వాంతి చేసుకున్నాడనీ, మర్యాదగా ఉండదని మార్చామనీ, కొంచెం కడిగామనీ అరుణ్ చెప్పాడు. చాయ్ తాగిన మనిషి గోళ్ళలో బురద ఎట్లా వచ్చిందని ఆమె అడగలేదు. మంచి పని చేసిన్రు సారూ, అంది. అరుణ్ లేచి వచ్చి, కోమల పక్కన గొంతుక్కూర్చుని, ఖర్చులకు మిల్లు తరఫున లక్ష రూపాయలు ఇస్తామనీ, కార్యం కాగానే సాయంత్రం ఇంటికే పంపుతామనీ చెప్పాడు. కోమల తల ఊపలేదు.

అశోక్‌కుమార్‌ను మంజుల మళ్ళీ గోడ పక్కకు పిలిచింది. తెలిసిందంతా చెప్పింది. అతను భయపడ్డాడు. మిల్లోళ్ళతో మనకెందుకనీ, లక్ష అంటే పిల్ల చదువుకు అక్కరకొస్తాయనీ, పోయిన బావ ఎట్లాగూ తిరిగి రాడనీ అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ మాటలన్నీ అతను నిజంగానే ఇంటి మంచికే అంటున్నాడు.

"ఆరు వేలకు కట్టెలే రావు," అంది మంజుల. "మిగిలిన పైసలు ఎవలు కడుతున్నరో నువ్వే చెప్పు. కడితే కట్టిన్రు, మా అన్న మధ్యాహ్నం లోపల బూడిదైతే వాళ్ళకేం వస్తది?"

మలుపు దగ్గర నుంచి ఆ ప్లాస్టిక్ కుర్చీ కనిపిస్తోంది. అశోక్‌కుమార్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె వనపర్తి ఆయనకు ఫోన్ చేసింది. కట్టెలు వద్దు, ఏమీ వద్దు, బండి ఒక్కటే కావాలి అంది. పూడ్చడానికి అత్తగారి ఊరికి తీసుకుపోతున్నామని చెప్పింది. బండికే ఏడు వేలు అన్నాడతను. సునీల్ మొత్తానికి అడిగినదాని కంటే వెయ్యి ఎక్కువ. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె బేరం ఆడకుండా ఒప్పుకున్న ధర అదొక్కటే. పైసలు ఫోన్‌లోనే కొట్టేసింది.

కానీ ముందుగా వచ్చింది సునీల్ బండి. ఎవరూ రమ్మనలేదు. తెల్లబండి, పైన ప్లాస్టిక్ బంతిపూల దండలు, లోపల నలుగురు మనుషులు. వాళ్ళు దిగడం దిగడమే మంచం నాలుగు కోళ్ళూ పట్టుకున్నారు. మంజుల అడ్డం వచ్చింది. మేము పూడ్చుకుంటాం, అచ్చంపేట దిక్కు మా బావగారి పొలం ఉంది, అక్కడికి తీసుకుపోతున్నాం, వేరే బండి వస్తోంది, అని గల్లీ అంతా వినేట్టు చెప్పింది.

అరుణ్ కుర్చీలోంచి లేచాడు. అంతసేపూ అతని ముఖం మీద ఉన్న మర్యాద పోయింది.

"పూడ్చుడెందుకు? గంత దూరం ఎందుకు? ఖర్చు మొత్తం నేనే పెట్టుకుంట. ఆరు వేలు కూడ వద్దు. ఎత్తండి."

నలుగురూ మంచం ఎత్తారు. కోమల భర్త మీద అడ్డంగా పడిపోయింది. అక్షిత తల్లి నడుము పట్టుకుంది. గల్లీలో ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు. ఎవరూ ముందుకు రాలేదు. సునీల్ కోమల రెక్క పట్టి మెల్లగా లేపబోయాడు, అక్కా లే, అక్కా లే అంటూ.

అప్పుడు పుష్పమ్మ తన గేటు రెండు రెక్కలూ బార్లా తీసింది.

"ఇంటి ముందర పీనుగను గుంజులాడుడు ఎన్నడన్న చూసిన్రా?" అంది. "ఎత్తిన్రు గద, లోపలికి తేండి. ఆ పిల్ల చెప్పిన బండి వచ్చెదాక నా ఇంట్ల ఉంటడు."

గల్లీ ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు అప్పుడు కదిలారు. అశోక్‌కుమార్ వచ్చి మంచం కోడు ఒకటి పట్టుకున్నాడు. ఎత్తినవాళ్ళకు ఏం చేయాలో తోచక లోపలికే నడిచారు. మంచాన్ని వాకిట్లో దించి వాళ్ళు బయటికి రాగానే పుష్పమ్మ గేటు మూసి గొళ్ళెం పెట్టింది. తర్వాత తులసి కోట దగ్గర కూర్చుని, కొడుకు పెళ్ళి గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వనపర్తి బండి వచ్చేసరికి గేటు బయట కుర్చీ ఖాళీగా ఉంది. సునీల్ బండి కూడా లేదు. అది మంజులకు ధైర్యం ఇవ్వలేదు.

డ్రైవరు పెద్దాయన. పేరు బాలయ్య. శవాన్ని ఎక్కించాక కోమల, మంజుల వెనక కూర్చున్నారు, అశోక్‌కుమార్ ముందు కూర్చున్నాడు. అక్షితను పుష్పమ్మ తన దగ్గరే ఉంచుకుంది. ఊరు దాటగానే బూడిద రంగు కారు ఒకటి వెనక వచ్చింది. ముందుకు పోదు, వెనకబడదు. వాన అద్దాల మీద కొడుతుంటే ఆ కారు దీపాలు రెండూ అలుక్కుపోయి కనిపించాయి.

బాలయ్య ఫోన్ మోగడం మొదలైంది. ఆయన రెండు మూడుసార్లు ఎత్తలేదు. కొత్తకోట దాపుల్లో ఎత్తి, సరే సరే అని విని, పెట్టేశాడు. బండి వేగం తగ్గింది.

"మా ఓనరు," అన్నాడు అద్దంలోంచి మంజులను చూస్తూ. "వాపస్ తెమ్మంటున్నడు బిడ్డా. ఇంకెవలో ఎక్కువ ఇస్తరంట."

వెనక కారు కూడా నెమ్మదించింది. మంజుల అప్పుడు నిజం చెప్పింది. అత్తగారి ఊరికి కాదు కాకా, జిల్లా దవాఖానకు పోవాలె, మా అన్నను కోసి చూడాలె, ఎట్ల సచ్చిండో తెలవాలె అంది. చెబుతుంటే పొద్దున్నుంచీ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది.

బాలయ్య ఫోన్‌ను నొక్కి ఆర్పి, డ్యాష్‌బోర్డు అరలో పడేశాడు.

"కిరాయి నువ్వు కట్టినవ్," అన్నాడు. "వాళ్ళు కట్టలే."

హైవే దాటి వనపర్తి రోడ్డు ఎక్కాక బండి ఎక్కడా ఆగలేదు. దవాఖాన గేటు దాకా వచ్చిన కారు, వీళ్ళు లోపలికి పోగానే వెనక్కి తిరిగింది.

డ్యూటీ డాక్టరు శవాన్ని చూసి స్టేషన్‌కు కబురు పంపాడు. పోలీసులు వచ్చి పంచనామా రాశారు. మర్నాడు పొద్దున పోస్టుమార్టం అయింది. ఊపిరితిత్తుల్లో తవుడు కలిసిన బురదనీళ్ళు ఉన్నాయనీ, మిల్లు మురుగు తొట్టిలో విషవాయువు పీల్చి పడిపోయి మునిగి ఉంటాడనీ, పొద్దున కాదు, అర్ధరాత్రికే ప్రాణం పోయిందనీ డాక్టరు అశోక్‌కుమార్‌తో చెప్పాడు. పూర్తి రిపోర్టుకు హైదరాబాద్ పంపాలన్నాడు. కోమల అదంతా విని, ఒక్కటే అడిగింది. ఆయన ఒక్కడే ఉన్నాడా ఆ తొట్టిలో అని. అది డాక్టరు చెప్పగలిగేది కాదు.

శవాన్ని అప్పగించాక మంజుల మళ్ళీ ఫోన్ పట్టుకుంది. గద్వాల ఆయన బండి ఖాళీ లేదన్నాడు. మహబూబ్‌నగర్ వాళ్ళు పేరు వినగానే రిపేరుకు పోయిందన్నారు. వనపర్తి ఆయన ఫోన్ ఎత్తనే లేదు. నిన్న ప్రతి ఒక్కరూ ఒక ధర చెప్పారు. ఈ రోజు ఎంతిచ్చినా సరే అన్నా ఎవరూ ఏ ధరా చెప్పలేదు. ఆమె దవాఖాన మెట్ల మీద కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి నంబర్లు నొక్కుతుంటే, అశోక్‌కుమార్ వచ్చి ఫోన్ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఇక ఎవలను అడగకు అన్నాడు. ఓనరు కాళ్ళావేళ్ళా పడి డీసీఎం తెచ్చాడు. గడ్డి పరిచి, పైన పుష్పమ్మ పంపిన కొత్త చాప వేసి, బావను తనే ఎక్కించుకున్నాడు. అబద్ధంగా చెప్పిన దారినే నిజంగా పోయారు. అచ్చంపేట అవతల, నల్లమల గుట్టలు మొదలయ్యే చోట, అశోక్‌కుమార్ అన్నగారి చేనులో కురుమయ్యను పూడ్చారు. మట్టి తడిగా ఉండి తవ్వడం తేలికైంది. కానీ గుంతలో నీళ్ళు ఊరుతుంటే కోమల చూడలేకపోయింది.

మూడోనాడు పోలీసులు మంజులను పిలిచారు. ఆమె అన్నీ చెప్పింది. సునీల్ చెప్పిన రెండు శవాల మాట దగ్గర ఎస్సై రాయడం ఆపి తల ఎత్తాడు. అప్పుడు పక్కనే ఉన్న కోమల నోరు విప్పింది. తొట్టి కడిగే పనిలో తన భర్తకు జోడీగా ఒక బిహారాయన ఉండేవాడనీ, తన భర్త టిఫిన్‌లో ఆయనకు కూడా రెండు రొట్టెలు పెట్టి పంపేదాన్ననీ చెప్పింది. పేరు అడిగితే ఆమెకు తెలియలేదు. ఇంట్లో మాట వచ్చినప్పుడు కురుమయ్య ఎప్పుడూ భయ్యా అనే అనేవాడు. మిల్లు హాజరు పట్టీలో అలాంటి మనిషే లేడని అప్పటికే మిల్లువాళ్ళు చెప్పి ఉన్నారు.

ఎస్సై వాళ్ళిద్దరినీ జీపులో ఎక్కించుకుని వైకుంఠధామానికి పోయాడు. ఊరికి దూరంగా, చుట్టూ చెట్టూ చేమా లేని గట్టు మీద రెండు గద్దెలు, పైన రేకులు. ఒక గద్దె మీద బూడిద ఉంది. ఎవరూ బొక్కలు ఏరలేదు. వాన జల్లు పక్కల నుంచి కొట్టి బూడిద అంచులు నల్లగా కారాయి. రెండో గద్దె మీద కట్టెలు పేర్చి ఉన్నాయి. పొందికగా, తల వైపు లావు మొద్దులు, కాళ్ళ వైపు సన్నవి, మధ్యలో మనిషి పడుకునేంత వెడల్పు. పక్కన కిరసనాయిలు డబ్బా.

అక్కడ పని చూసే ముసలాయన భయపడుతూనే చెప్పాడు. "రెండు పేర్చమన్నరు సారూ. ఒకటి చీకట్లనే తెచ్చి కాల్చిన్రు. ఇంకోటి పెద్దపొద్దెక్కినంక వస్తదన్నరు. వానకు తడువకుండ చూడుమన్నరు."

రెండూ పేర్చమని ఎప్పుడు చెప్పారని ఎస్సై అడిగాడు. కోడి కూయకముందే ఫోన్ వచ్చిందన్నాడు ముసలాయన.

అరుణ్ లెక్క ప్రకారం ఆ వేళకు కురుమయ్య ఇంకా బతికే ఉన్నాడు. ఇంకా డ్యూటీ దిగలేదు. ఇంకా చాయ్ తాగలేదు. మంజుల ఆ కట్టెల దగ్గరికి పోలేదు. తన ఇంట్లో అందరూ నిద్రపోతున్న వేళ ఇక్కడ ఒక మనిషి తన అన్న పొడుగెంతో అడిగి తెలుసుకుని, అందుకు సరిపోయే మొద్దులు ఏరి పేర్చి ఉంటాడు. ఆ ఆలోచన ఆమెను ఉన్నచోటే నిలబెట్టేసింది. కోమల మాత్రం నేరుగా పోయి, బూడిద ఉన్న గద్దె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పేరు తెలియని ఆ మనిషి కోసం ఏడ్చింది.

అరుణ్‌ను, సునీల్‌ను పట్టుకున్నారు. తనకు మిల్లువాళ్ళు రెండు శవాలకూ ముందే పైసలిచ్చారనీ, అనుమానం రాకుండా ఇంటివాళ్ళ దగ్గర ఎంతో కొంత అడగమన్నారనీ సునీల్ ఒప్పుకున్నాడు. ఉత్తగా చేస్తానంటే ఎవరైనా ఎందుకని అడుగుతారు గనుక ఆరు వేలు అన్నాడట. కొన్నాళ్ళకు ఇద్దరికీ బెయిలు వచ్చింది. కేసు నడుస్తోంది. కోమలకు రావలసినది కోర్టు తేల్చాలి. భయ్యా బొక్కలను ఒక ముంతలో కట్టి స్టేషన్‌లో పెట్టారు. బిహార్‌కు కబురు పంపామన్నారు గానీ, ఏ ఊరికని పంపుతారు? ఎవరూ రాలేదు.

పుష్పమ్మ కొడుకు పెళ్ళిని మాఘానికి వాయిదా వేసుకుంది. కోమలను ఇల్లు ఖాళీ చేయమనలేదు.

దసరా తర్వాత మిల్లు మళ్ళీ తెరిచారు. బోర్డు మీద పేరు మార్చారు. రాత్రి డ్యూటీకి దూరం నుంచి కొత్త మనుషులను తెచ్చారనీ, వాళ్ళు గేటు దాటి బయటికి రారనీ దుకాణానికి వచ్చేవాళ్ళు చెప్పుకునేవారు. పేర్చిన ఆ కట్టెలను పోలీసులు ముట్టుకోవద్దన్నారు, ఊరివాళ్ళు తమంతట తామే ముట్టుకోలేదు. శవాలను తెచ్చినవాళ్ళు పక్కనున్న మొదటి గద్దెనే వాడుకునేవారు. మంజుల వనపర్తి కోర్టుకు పోయే ప్రతిసారీ బస్సు ఆ గట్టు పక్కనుంచే పోయేది. కట్టెల మీద చెదలు పట్టడం, మొద్దుల మధ్య గడ్డి మొలవడం ఆమె కిటికీలోంచి చూసేది.

కార్తీకంలో ఒక పొద్దున బస్సు గట్టు దాటుతుంటే ఆమె అలవాటుగా అటు చూసింది. ఆ రెండో గద్దె మీద పేర్చిన కట్టెలు లేవు. బూడిద ఉంది. తెల్లగా, పొడిగా, ఇంకా సన్నగా పొగ లేస్తోంది. చుట్టూ ఒక్క మనిషి లేడు, ఒక్క పువ్వు రాలి లేదు. నిన్నటి నుంచి ఊళ్ళో ఎవరూ పోలేదని ఆమెకు తెలుసు.

మంజుల లేచి నిలబడి కండక్టరును ఆపమంది. రోడ్డు మీద దిగి, బస్సు కనుమరుగయ్యేదాకా ఆగి, ఎస్సైకి ఫోన్ కలిపింది.